చిన్న కెమెరాతో ప్రయాణపు ఫొటోలు: తప్పుల లెక్కతో మొదలైన ప్రాజెక్టు డైరీ

దశ 1: పోయినవాటిని లెక్కపెట్టడం (1వ వారం)

కిందటి ప్రయాణంలో తీసినవి 640 ఫొటోలు. కంప్యూటర్‌లో ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాక దాచుకోదగ్గవి 96 తేలాయి. నూటికి 15. మిగతా 544 ఎందుకు పోయాయో తెలియకుండా ఇంకో కెమెరా కొంటే అవే తప్పులు అందులోనూ చేస్తాను. అందుకని వాటిని చెరిపేయకుండా ఎనిమిది ఫోల్డర్లలోకి సర్దాను. పెట్టుకున్న నియమం ఒకటే: ఒక ఫొటోకు ఒకే కారణం, కంటికి మొదట తగిలిన లోపమే రాయాలి.

- చేతి వణుకు: 131
- ఆకాశం తెల్లకాగితంలా తేలిపోవడం, ముఖం నల్లబడటం: 112
- ఫోకస్ వేరే చోట పడటం: 74
- ఫ్రేములో విషయం లేకపోవడం: 62
- క్షణం దాటిపోవడం: 58
- ఫ్లాష్ అందకపోవడం: 41
- ఫొటో అంతా పాలపొరలా ఉండటం: 37
- కిటికీ అద్దంలో ప్రతిబింబం: 29

మొత్తం 544. సర్దడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఈ డైరీలో ఏ దశనైనా వదిలేయండి గానీ దీన్ని మాత్రం వదలకండి. నాకు ఫోకస్ అన్నిటికన్నా పెద్ద సమస్య అనిపించేది. లెక్కలో అది మూడో స్థానంలో ఉంది.

కెమెరా వివరాలు: 12 మెగాపిక్సెళ్లు, 1/2.3 అంగుళాల రకం సెన్సర్ (కాంతిని ఫొటోగా మార్చే చిప్పు). దాని అసలు కొలత సుమారు 6.2 × 4.6 మి.మీ., చిటికెనవేలి గోరంత కూడా ఉండదు. 36 × 24 మి.మీ. ఉండే పెద్ద సెన్సర్ వైశాల్యంలో ఇది ముప్పయ్యో వంతు. జూమ్, 35 మి.మీ. ఫిల్మ్ కెమెరాల లెక్కలో చెప్పాలంటే, 25 నుంచి 250 మి.మీ. వరకు; అంకె పెరిగేకొద్దీ దూరపువి దగ్గరగా కనిపిస్తాయి. లెన్స్ రంధ్రం విశాల కోణం దగ్గర ఎఫ్ 3.3, జూమ్ చివర ఎఫ్ 5.9; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. షట్టర్ వేగాన్ని, అంటే కాంతి ఎంతసేపు లోపలికి రావాలన్నదాన్ని, మనమే పెట్టుకునే అమరిక ఉంది.

దశ 2: గోడ మీద వార్తాపత్రిక (1, 2 వారాలు)

ఈ కెమెరా ఎంతవరకు తట్టుకుంటుందో చూడటానికి వార్తాపత్రిక విప్పి గోడకు అతికించాను. విశాల కోణంలో 60 సెంటీమీటర్ల నుంచి, జూమ్ చివర 2 మీటర్ల నుంచి తీశాను.

మొదటి విడత 60 ఫొటోలూ పారేశాను. రెండు తప్పులు జరిగాయి. మొదటిది, కెమెరాను చేత్తో పట్టుకున్నాను. అక్షరం అలుక్కుపోతే అది సెన్సర్ వల్లనా, చేతి వల్లనా అన్నది తేలలేదు. రెండోది, జూమ్ చివర తీసిన ప్రతి ఫొటోలోనూ కుడి అంచు మసకగా వచ్చింది. లెన్స్‌లోనే లోపమనుకుని ఒక రోజంతా దిగులుపడ్డాను. టేపుతో కొలిస్తే కెమెరా నుంచి కుడి అంచుకూ ఎడమ అంచుకూ మధ్య 4 సెంటీమీటర్ల తేడా కనిపించింది. అంత దగ్గర నుంచి జూమ్ చేస్తే స్పష్టంగా నిలిచే లోతు కొన్ని సెంటీమీటర్లే, కాబట్టి ఆ తేడా చాలు అంచు చెడటానికి.

రెండో విడత ఇలా చేశాను:

1. కెమెరాను బల్ల మీద పుస్తకాల దొంతరపై ఉంచాలి. చేయి తగలకూడదు.
2. పత్రిక మధ్యలో చిన్న అద్దం ముక్కను చదునుగా అతికించాలి. అందులో లెన్స్ ప్రతిబింబం తెర నట్టనడుమకు వచ్చేవరకు కెమెరాను జరపాలి. అప్పుడే కెమెరా గోడకు లంబంగా ఉన్నట్టు.
3. 2 సెకన్ల టైమర్ పెట్టాలి.
4. ఐ.ఎస్.ఓ. (సెన్సర్ కాంతికి ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 80, 100, 200, 400, 800, 1600లకు వరుసగా తీయాలి. ఆ తర్వాత ఐ.ఎస్.ఓ.ను 100 దగ్గర ఉంచి లెన్స్ రంధ్రాన్ని మార్చుతూ తీయాలి.

తెలుగు అచ్చు ఈ పరీక్షకు అచ్చంగా సరిపోయింది. ఐ.ఎస్.ఓ. 200 వరకు చిన్న అక్షరాల ఒత్తులు కూడా విడివిడిగా కనిపించాయి. 400 దగ్గర ‘ష్ట’లోని టవత్తు అంచులు మెత్తబడినా చదవగలిగాను. 800 దగ్గర గుడికీ గుడి దీర్ఘానికీ తేడా పోయింది, ‘వి’ ఏదో ‘వీ’ ఏదో తెలియలేదు. 1600 దగ్గర ఒత్తులన్నీ మచ్చలే. రవ్వల్లా కనిపించే నాయిస్‌ను కెమెరా తనంతట తాను తుడిచేస్తుంది, ఆ తుడుపులో సన్నని గీతలు కూడా పోతాయి. రాతి చెక్కడంలోనూ ఆకుల ఈనెల్లోనూ పోయేవి ఇవే.

లెన్స్ రంధ్రం విషయంలో ఎఫ్ 4 దగ్గర పేజీ అంతా ఒకేలా వచ్చింది. ఎఫ్ 3.3 దగ్గర మూలలు కొద్దిగా మెత్తబడ్డాయి. ఎఫ్ 8 దగ్గర మధ్య భాగం కూడా మసకబారింది. ఈ లెన్స్ అసలు నాభ్యంతరం విశాల కోణంలో సుమారు 4.5 మి.మీ. మాత్రమే. ఎఫ్ 8 అంటే అందులో ఎనిమిదో వంతు, అర మిల్లీమీటరుకు కాస్త పెద్ద చిల్లు. అంత ఇరుకు సందులోంచి వచ్చే కాంతి అంచుల దగ్గర వంగి పరచుకుంటుంది. పెద్ద కెమెరాలవాళ్లు దృశ్యాలకు ఎఫ్ 8, ఎఫ్ 11 పెట్టమని చెప్పే మాట ఈ చిన్న సెన్సర్‌కు పనికిరాదు.

డిజిటల్ జూమ్‌తో తీసినదాన్నీ, మామూలుగా తీసి కంప్యూటర్‌లో కత్తిరించినదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్క ఒత్తు కూడా అదనంగా కనిపించలేదు. డిజిటల్ జూమ్ ఆపేశాను.

మార్చినవి: ఐ.ఎస్.ఓ. పైహద్దు 400. రంధ్రం వీలైనంతవరకు ఎఫ్ 4 దాటదు.

ఇప్పటివరకు: పరీక్ష ఫొటోలు 144, అందులో పారేసినవి 60.

దశ 3: చేతి వణుకు (2, 3 వారాలు)

పెద్ద ఫోల్డర్ ఇదే, కాబట్టి ఎక్కువ రోజులు దీనికే ఇచ్చాను. అదే గోడ, ఒక్కో పద్ధతికి 20 ఫొటోలు. నడిరకం అక్షరాలు తడుముకోకుండా చదవగలిగితే నిలిచినట్టు లెక్క.

విశాల కోణంలో మోచేతులు పక్కటెముకలకు ఆనించి తీస్తే:

- 1/30 సెకను: 20కి 17
- 1/15 సెకను: 20కి 11
- 1/8 సెకను: 20కి 4

తర్వాత 1/15 సెకనులోనే పట్టుకునే తీరు మార్చాను. తెర చూస్తూ చేతులు ముందుకు చాచితే 6. మోచేతులు ఆనిస్తే 11. మెడకు వేసుకున్న పట్టీ బిగిసేలా కెమెరాను ముందుకు తోసి పట్టుకుంటే 14. కాలికింద తాడు తొక్కి పైకి లాగి పట్టుకుంటే 15. పట్టీ బిగించడానికి అదనపు సరంజామా ఏదీ అక్కర్లేదు, ఫలితమేమో దాదాపు తాడుతో సమానం. ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన ఫలితం ఇదే.

జూమ్ చివర కథ వేరు. అక్కడ రంధ్రం ఎఫ్ 5.9కి తగ్గిపోతుంది కాబట్టి సెన్సర్‌కు చేరే కాంతి విశాల కోణంతో పోలిస్తే మూడో వంతుకు పడిపోతుంది. అదే సమయంలో వణుకు పదింతలుగా కనిపిస్తుంది. చేతితో తీసేటప్పుడు షట్టర్ సమయం సెకనులో 1/నాభ్యంతరం (35 మి.మీ. ఫిల్మ్ లెక్కలోది) కంటే ఎక్కువ ఉండకూడదన్న పాత సూత్రం ప్రకారం ఇక్కడ 1/250 కావాలి. కొలిస్తే 1/250 దగ్గర 20కి 18, 1/60 దగ్గర 9. వణుకును సరిదిద్దే అమరిక ఆన్‌లో ఉండగానే ఈ అంకెలు. నీడలోకి వెళ్లాకా, పొద్దు వాలాకా జూమ్ చివరిదాకా లాగడం మానేశాను.

తాడు స్టాండు తయారీ:

1. కెమెరా అడుగున ఉండే మరకు సరిపోయే 1/4 అంగుళం బోల్టు తీసుకోవాలి. అంగుళానికి 20 చుట్లు ఉండాలి.
2. బోల్టు తలకు సాగని నూలు తాడు బిగించాలి. పొడవు మన ఎత్తుకంటే ఒక జానెడు ఎక్కువ ఉంటే చాలు.
3. తాడు రెండో కొసకు కాలు పట్టేంత ఉచ్చు వేయాలి.
4. కెమెరాకు బిగించి, ఉచ్చులో కాలు పెట్టి, తాడు బిగిసేదాకా పైకి లాగి తీయాలి.

ఇందులో రెండుసార్లు తప్పాను. మొదట సాగే తాడు వాడాను. 20 ఫొటోలు తీస్తే 10 నిలిచాయి, అంటే మోచేతులు ఆనించినదానికంటే ఒకటి తక్కువే. సాగే తాడు వణుకును అడ్డుకోకుండా దానితోపాటే ఊగుతుంది. రెండో తప్పు ఇంకా ప్రమాదకరమైనది. బోల్టు పొడవు ఎక్కువై మర అడుగుకు తగిలింది. ఇంకో అరచుట్టు తిప్పి ఉంటే కెమెరా అడుగు పగిలేది. రెండు వాషర్లు వేసి, లోపలికి 4.5 మి.మీ. మించి పోకుండా చేశాను.

రాత్రి దృశ్యాలకు గోడల మీద, రాళ్ల మీద కెమెరాను కుదురుగా కూర్చోబెట్టడానికి గుడ్డ సంచి కుట్టాను. మొదట ఇసుక నింపాను, అది పొరపాటు. కుట్టులోంచి జారిన రవ్వలు లెన్స్ గొట్టం అంచులోకి చేరాయి. కెమెరా ఆపగానే లెన్స్ లోపలికి వెళ్తూ ఇసుక మీద గిన్నె ఈడ్చినట్టు కరకర శబ్దం చేసింది. ఆ శబ్దం వినగానే ప్రాణం పోయినట్టయింది. బ్యాటరీ తీసేసి, లెన్స్‌ను కిందికి వంచి, గాలి బుడ్డితో ఊది, మెత్తటి కుంచెతో చుట్టూ తుడిచాను. నాలుగోసారికి శబ్దం ఆగింది. ఇప్పుడు సంచిలో ఉన్నవి 300 గ్రాముల ప్లాస్టిక్ పూసలు, రెండు వరుసల కుట్టు. దాని మీద పావు సెకనుకు బటన్ నొక్కి తీస్తే 20కి 9, 2 సెకన్ల టైమర్‌తో 19. సంచి ఎంత కుదురుగా ఉన్నా వేలి ఒత్తిడి కెమెరాను కదిలిస్తుంది.

ఇప్పటివరకు: పరీక్ష ఫొటోలు 364.

దశ 4: కాంతి (3, 4 వారాలు)

కెమెరా తన ముందున్నది ఏదైనా మధ్యస్థమైన బూడిద రంగు అనుకుని కాంతి లెక్క కడుతుంది. తెల్లగోడనూ నల్లరాతినీ ఫ్రేము నిండా పెట్టి తీస్తే రెండూ బూడిదగానే వచ్చాయి. గోడ తెల్లగా కనిపించడానికి ఎక్స్‌పోజర్‌ను (ఫొటోకు అందే కాంతి మోతాదును; +1 అంటే రెండింతలు) +1 వరకు పెంచాల్సి వచ్చింది, రాయికి −2/3 తగ్గించాల్సి వచ్చింది.

ఆకాశం తేలిపోకుండా ఎప్పటికీ −2/3 పెట్టి ఉంచుదామనుకున్నాను. మూడు రోజుల్లో మానేశాను. నీడలన్నీ మూసుకుపోయాయి, కంప్యూటర్‌లో వెలుగు పెంచితే నీడల నిండా రవ్వలు తేలాయి. ఇప్పుడు చేసేది: తెర మీద హిస్టోగ్రామ్ (ఎడమన నీడలు, కుడిన వెలుగులు ఎంతెంత ఉన్నాయో గుట్టలా చూపే పటం) ఎప్పుడూ కనిపించేలా పెట్టుకుంటాను. గుట్ట కుడి గోడకు ఆనుకుంటేనే 1/3 చొప్పున తగ్గిస్తాను, లేకపోతే ముట్టుకోను.

ఫ్లాష్ ఎంతవరకు అందుతుందో 1 నుంచి 5 మీటర్ల వరకు కుర్చీని జరుపుతూ కొలిచాను. విశాల కోణంలో 3 మీటర్ల వరకు బాగుంది, 4 దగ్గర మసక, 5 దగ్గర చీకటి. జూమ్ చివర ఎంత? లెక్క ప్రకారం 3 × 3.3 ÷ 5.9, అంటే 1.7 మీటర్లు. కుర్చీతో చూస్తే 2 మీటర్ల దగ్గరే వెలుగు చాలలేదు. చీకట్లో దూరపు కట్టడం మీద వేసిన ఫ్లాష్ ముందున్న దుమ్మును వెలిగిస్తుందే తప్ప కట్టడాన్ని తాకదు. దానికి అసలు చోటు పగలే: సూర్యుడు వెనక ఉన్నప్పుడు 2 మీటర్ల దూరంలోని మనిషి ముఖానికి. బలవంతపు ఫ్లాష్ గుర్తు పెట్టి తీసిన నాలుగు ఫొటోల్లోనూ ముఖమూ, వెనక ఆకాశమూ రెండూ నిలిచాయి.

ఉదయం, సాయంత్రం కాంతే మంచిదన్న మాటను నిజంగా కొలిచి చూడాలనిపించింది. తూర్పు ముఖంగా ఉన్న ఒక చెక్కడపు గోడను ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకు గంట గంటకూ, ఒక్కోసారి మూడు ఎక్స్‌పోజర్లతో తీశాను. మొత్తం 39. ఉదయం 7 గంటల ఫొటోలో రంగు బంగారంలా ఉంది, చెక్కడం మాత్రం చదునుగా కనిపించింది. కాంతి గోడకు ఎదురుగా పడటంతో గాట్లలో నీడ లేదు. 11 గంటల ఫొటోలో కాంతి పైనుంచి గోడను రాసుకుంటూ దిగింది. ఒక బొమ్మ వేళ్లు, ఆ వేళ్ల మధ్య ఉలి వదిలిన సన్నని గాట్లు కూడా నల్లటి గీతల్లా లేచి నిలబడ్డాయి. ఒంటిగంటకు గోడ పూర్తిగా నీడలోకి పోయి మళ్లీ చదునైంది. గడియారం కంటే గోడ ఏ దిక్కుకు చూస్తోందన్నదే ముఖ్యమని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా ముందు దిక్సూచి చూస్తాను. తూర్పు గోడలకు మధ్యాహ్నానికి కాస్త ముందు, పడమటి గోడలకు మధ్యాహ్నం దాటిన కాసేపటికి వెళ్తాను.

ఇప్పటివరకు: పరీక్ష ఫొటోలు 427.

దశ 5: ఫోకస్, ఆలస్యం (4వ వారం)

ఫోన్‌లో స్టాప్‌వాచ్ నడిపి, అంకె 5.00కి రాగానే నొక్కాను. ఒక్క నొక్కులో తీస్తే ఫొటోలో పడిన సమయం పది సార్ల సగటున 5.55. ముందే సగం నొక్కి ఫోకస్ కుదిరాక పూర్తిగా నొక్కితే 5.12. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిచే మనిషి 0.55 సెకనులో సుమారు 76 సెంటీమీటర్లు, అంటే ఒక అడుగు ముందుకు వెళ్లిపోతాడు. క్షణం దాటిపోయిన నా 58 ఫొటోల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క అడుగు దగ్గర పోయినవే.

ఫోకస్‌ను తొమ్మిది బిందువుల నుంచి నడిమి ఒక్క బిందువుకు మార్చాను. మనిషి ముఖం మీద బిందువు ఉంచి, సగం నొక్కి, ఫ్రేమును పక్కకు జరిపి తీయడం. ఇందులో ఒక చిక్కుంది. సగం నొక్కినప్పుడు ఫోకస్‌తోపాటు కాంతి లెక్క కూడా బిగుసుకుంటుంది. నీడలోని ముఖం మీద నొక్కి జరిపితే ఆకాశం తేలిపోయింది. అలాంటి చోట ఎక్స్‌పోజర్‌ను ముందే తగ్గించి పెట్టుకుంటున్నాను.

ఇప్పటివరకు: పరీక్ష ఫొటోలు 447.

దశ 6: లెన్స్ ముందు అడ్డు వచ్చేవి (5వ వారం)

పాలపొర ఫోల్డర్‌లోని 37 ఫొటోలను సమయం వారీగా పేర్చితే 30 ఒకే మధ్యాహ్నానివని తేలింది. లెన్స్ ముందు అద్దం సెంటీమీటరు వెడల్పు ఉంటుందేమో, ఒక్క వేలిముద్ర దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. ఎవరి చేతికైనా కెమెరా ఇచ్చి తీసుకున్న ప్రతిసారీ మెత్తటి గుడ్డతో తుడవడం అలవాటు చేసుకున్నాను.

కిటికీ అద్దానికి: నల్లటి స్పాంజితో లెన్స్ చుట్టూ సరిపడే ఉంగరం కత్తిరించి అద్దానికి ఆనించాను. ప్రతిబింబం పోయింది. మొదట గట్టి ప్లాస్టిక్ మూతతో చేశాను, బండి అదురు అంతా దాని గుండా కెమెరాకు చేరింది. నడుస్తున్న బండి నుంచి 1/500 సెకను పెట్టినా దగ్గరి పొదలు చారలుగానే వస్తాయి, దూరపు కొండలు నిలుస్తాయి.

దశ 7: రెండో ప్రయాణం, మళ్లీ లెక్క (6వ వారం)

తీసినవి 410. దాచుకున్నవి 151, నూటికి దాదాపు 37. పోయినవి 259:

- చేతి వణుకు: 31
- ఎక్స్‌పోజర్: 48
- ఫోకస్: 22
- క్షణం దాటిపోవడం: 25
- ఫ్లాష్: 6
- పాలపొర: 9
- అద్దం: 11
- ఫ్రేములో విషయం లేకపోవడం: 107

పాలపొరలో 7 ఫొటోలు నేను ఊహించని కారణంతో పోయాయి. చల్లటి గదిలోంచి ఉక్కపోతలోకి రాగానే లెన్స్ మీద ఆవిరి పట్టింది. తుడిచినా మళ్లీ పట్టింది. మర్నాటి నుంచి గదిలోనే కెమెరాను గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి బయటికి తెచ్చి, అరగంట తర్వాత తీశాను. మళ్లీ రాలేదు.

అసలు కలవరపెట్టింది చివరి వరుస. 62 ఉన్నది 107 ఎలా అయింది? పాత ఫోల్డర్లు తెరిచి, వణికిపోయిన ఆ 131 ఫొటోలను ఒక ప్రశ్నతో మళ్లీ చూశాను: ఇది స్పష్టంగా వచ్చి ఉంటే దాచుకునేవాడినా? 38కి మాత్రమే అవునని చెప్పగలిగాను. మిగతా 93లో చూడటానికి ఏమీ లేదు. ‘మొదట తగిలిన లోపం’ అనే నా నియమమే దాన్ని ఇంతకాలం కప్పి ఉంచింది. మీరు లెక్క మొదలుపెడితే రెండో కారణానికి కూడా ఒక వరుస ఉంచండి.

దశ 8: ఖాళీ ఫ్రేములు (నడుస్తోంది)

స్కేలుతో తెర మీద కొలిచాను. దాచుకున్న 151లో 118 ఫొటోల్లో ముఖ్య విషయం ఎత్తు ఫ్రేము ఎత్తులో మూడో వంతు, లేదా అంతకుమించి ఉంది. ఖాళీగా ఉన్న 107లో 81 ఫొటోల్లో అది పదో వంతు కూడా లేదు.

కారణం లెక్కలోనే ఉంది. 25 మి.మీ. దగ్గర 10 మీటర్ల దూరాన ఫ్రేము ఎత్తు సుమారు 10 మీటర్లు. 1.7 మీటర్ల మనిషి అందులో ఆరో వంతే. 20 మీటర్ల దూరంలో ఉంటే పన్నెండో వంతు. 5 మీటర్లకు నడిస్తే మూడో వంతు. మన కన్ను తనకు కావలసినదాన్నే చూసి చుట్టూ ఉన్నదాన్ని వదిలేస్తుంది, లెన్స్ దేన్నీ వదలదు.

ఇప్పుడు చేస్తున్నది:

1. తీయాలనిపించిన చోట నిలబడి ఒకటి.
2. సగం దూరం నడిచి రెండోది.
3. అందులో మళ్లీ సగం నడిచి మూడోది. మనుషులైతే ముందు అడిగి, ఒప్పుకుంటేనే.
4. రాత్రి మూడింటినీ తపాలా బిళ్లంత చేసి చూసి, ఒకదాన్ని మాత్రమే ఉంచడం.

ఒక పూటలో 30 విషయాలు, 90 ఫొటోలు. నిలిచినవి: మొదటి దూరం నుంచి 4, రెండో దూరం నుంచి 9, మూడో దూరం నుంచి 11. ఏ దూరం నుంచీ నిలవనివి 6. ఆ ఆరింటినీ పెద్దవి చేసి చూస్తే ఐదింటిలో ముఖ్య విషయం వెనక ఏదో ఒకటి అడ్డుగా ఉంది. ఒక ఫొటోలో విద్యుత్ స్తంభం సరిగ్గా మనిషి తలలోంచి మొలిచినట్టు నిలబడింది. ఎంత దగ్గరికి నడిచినా స్తంభం అక్కడే ఉంటుంది, ఎందుకంటే నేను ముందుకే నడిచాను, పక్కకు జరగలేదు.

‘వెనక అడ్డు’ అని తొమ్మిదో ఫోల్డర్ తెరిచాను. రేపటి పూటకు మూడో మెట్టు తర్వాత ఇంకొకటి చేర్చాను: ఎడమకు రెండు అడుగులు, కుడికి రెండు అడుగులు, తెర నాలుగు అంచులూ ఒకసారి చూసి అప్పుడు నొక్కడం.